మా సనదుకు విలువ కట్టిందెవరు?

మదరసాలో పదేళ్లు చదివి బయటికొచ్చిన మా పిల్లవాడు చదువుకున్నవాడా, చదువు రానివాడా? ఈ దేశంలో ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. మసీదులో అడిగితే అతను ఆలిం, అంటే తెలిసినవాడు. కాలేజీ ఆఫీసులో అడిగితే పదో తరగతి కూడా పాసు కానివాడు. అతను అరబ్బీ వ్యాకరణం చదివాడు. తర్కం చదివాడు. చనిపోయినవాడి ఆస్తిలో భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు పోగా కొడుకులకీ కూతుళ్లకీ ఎంతెంత వస్తుందో భిన్నాలు వేసి తేల్చగలడు. కానీ దరఖాస్తు ఫారంలో ఇవేవీ రాసుకోవడానికి గడి లేదు.

ఎందుకిలా అని అడిగితే బయటివాళ్లు ఒక మాట చెబుతారు: మీ మౌల్వీలు మిమ్మల్ని పద్నాలుగు వందల ఏళ్ల వెనక్కి కట్టిపడేశారు అని. మా పెద్దలు ఇంకో మాట చెబుతారు: సర్కారుకు మనమంటే గిట్టదు, అందుకే మన సనదును ఒప్పుకోదు అని. రెండూ చరిత్ర చూడకుండా అనే మాటలే. మదరసా పాఠ్యక్రమానికీ విశ్వవిద్యాలయం గడపకీ మధ్య ఉన్న ఈ గండి ఇస్లాంతో పాటు పుట్టింది కాదు. దాని వయసు రెండు వందల ఏళ్లు కూడా లేదు. ఎవరు ఎప్పుడు తవ్వారో, ఎవరు ఎక్కడ పూడ్చబోయారో తేదీలతో సహా చెప్పొచ్చు. ఆ లెక్క మేమే చెప్పుకోవాలి. గండిలో పడుతున్నది మా పిల్లలే గనక.

ఒకప్పుడది కొలువుల చదువు

మా మదరసాల్లో చాలావాటిలో ఇప్పటికీ నడిచే పాఠ్యక్రమం పేరు దర్సె నిజామీ. పేరు చూసి హైదరాబాదు నిజాముకు ముడిపెట్టేవాళ్లున్నారు. ఆయనకూ దీనికీ సంబంధం లేదు. 1748లో చనిపోయిన లక్నో పండితుడు ముల్లా నిజాముద్దీన్ పేరు మీద వచ్చిన మాట అది. ఆయన తండ్రి హత్యకు గురైతే, ఒకప్పుడు యూరపు వర్తకుడు ఉన్న మేడను ఔరంగజేబు ఆ కుటుంబానికి ఇచ్చాడు. అందుకే ఆ ఇంటికి ఫరంగీ మహల్ అని పేరు. ఆ మేడలో తయారైన పాఠాల వరస ఉత్తరాదిని దాటి దక్కను దాకా పాకింది.

ఆ వరసలో ఏముంది? ఇప్పుడు మదరసా అంటే మతం తప్ప ఇంకేం ఉండదనుకునేవాళ్లు వినాలి. హదీసుకు అందులో ఉన్నది ఒక్క పుస్తకం, మిష్కాత్. ఖురాన్ వ్యాఖ్యానానికి రెండు, జలాలైన్, బైజావీ. తర్కానికి మాత్రం ఒకదాని మీద ఒకటిగా ఎన్నో పుస్తకాలు. వాటి తర్వాత తత్వశాస్త్రం, యూక్లిడ్ రేఖాగణితానికి అరబ్బీ పాఠం, ఖగోళం, అలంకారశాస్త్రం, న్యాయసూత్రాలు. ఎందుకింత తర్కం? ఎందుకంటే ఆ చదువు ముగించినవాడు మసీదులో నమాజు చదివించడానికే తయారయ్యేవాడు కాదు. ఖాజీ అయ్యేవాడు, ముఫ్తీ అయ్యేవాడు, నవాబు కచేరీలో మున్షీ అయ్యేవాడు. దస్తావేజు చదవాలి, సాక్ష్యం తూచాలి, వాదనకు వాదన చెప్పాలి. అంటే దర్సె నిజామీ ఆనాటి కొలువుల చదువు.

దక్కనులో ఈ సంప్రదాయం అంతకన్నా పాతది. బహమనీ మంత్రి మహమూద్ గవాన్ బీదరులో కట్టించిన మదరసా 1472 నాటిది. ఇప్పటికీ దాని గోడలు నిలబడే ఉన్నాయి.

పారసీ నేర్పే మక్తబుల్లో మా పిల్లలొక్కళ్లే కూర్చోలేదు. కొలువు కావాలంటే పారసీ రావాలి గనక కాయస్థులూ బ్రాహ్మణులూ కూర్చున్నారు. 1830లలో బెంగాలు, బీహారు బడులను లెక్కపెట్టిన విలియం ఆడం, పారసీ బడుల్లో హిందూ పిల్లలే ఎక్కువమంది ఉన్నారని రాశాడు. మన మొదటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్షరాలు దిద్దింది ఒక మౌల్వీ దగ్గరే. కడుపు నింపే చదువు ఎవరిదైనా అందరూ చదువుతారు. కడుపు నింపడం మానేసిన రోజున మాత్రమే అది 'వాళ్ల చదువు' అయిపోతుంది.

కొలత మారిన ఇరవై ఏళ్లు

ఇంగ్లీషువాళ్లు వస్తూనే మదరసాను కాదనలేదు. 1780లో వారన్ హేస్టింగ్స్ కలకత్తాలో తానే మదరసా పెట్టించాడు. కంపెనీ కోర్టుల్లో ముస్లిం చట్టం చెప్పే ఉద్యోగులు కావాలి, ఆ అవసరం కోసం. అవసరం తీరాక సంగతి మారింది. 1835లో సర్కారు డబ్బు ఇంగ్లీషు చదువుకే అని బెంటింక్ తీర్మానం చేశాడు. 1837లో కోర్టుల్లో, కచేరీల్లో పారసీ స్థానం పోయింది. 1844లో ఇంగ్లీషు చదివినవాళ్లకే ఉద్యోగాల్లో మొదటి పీట అని హార్డింజ్ ప్రకటించాడు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో మూడు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. వాటి గడపలో నిలబడి కొలిచేందుకు ఒక పరీక్ష పుట్టింది. దాని పేరు ఎంట్రన్స్.

ఎంట్రన్స్ అనేది అప్పటిదాకా మా చదువులో లేని వస్తువు. మా పద్ధతి ఇజాజత్. అంటే ఉస్తాద్ ఇచ్చే అనుమతి. ఫలానావాడు ఫలానా పుస్తకం నా ముందు కూర్చుని చదివాడు, ఇక ఇతరులకు చెప్పగలడు అని ఉస్తాద్ రాసిచ్చేవాడు. ఆ ఉస్తాద్ ఎవరి దగ్గర చదివాడో, ఆయన ఎవరి దగ్గర చదివాడో పేర్ల గొలుసు ఉండేది. దాని విలువ ఉస్తాద్ పేరులో ఉంది. ఎంట్రన్స్ విలువ మార్కుల్లో ఉంది. ఇన్ని సబ్జెక్టులు, ఇన్ని మార్కులు, ఈ భాషలో. ముఖ్యంగా ఈ భాషలో. కొత్త గడప ఎక్కాలంటే ఇంగ్లీషు రావాలి. అరబ్బీ, సంస్కృతం, పారసీ ఆ పరీక్షలో పక్క సబ్జెక్టులుగా మిగిలాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1836లో పండితుడైన మనిషి 1858 నాటికి మూర్ఖుడైపోలేదు. ఆయన చదివిన పుస్తకాలు అవే, బుర్ర అదే. కొలబద్ద మారింది. కొలబద్దను ఎవరు పట్టుకుంటే వాళ్లు చదువంటే ఏమిటో చెబుతారు. 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరాదిలో మా పండిత కుటుంబాలు చెదిరిపోవడం ఈ మార్పుకు తోడైంది.

మా పెద్దలు వేసిన రెండు దారులు

మా పెద్దలు ఏం చేశారు? రెండు పనులు చేశారు. 1866లో దేవ్‌బంద్‌లో దారుల్ ఉలూం మొదలైంది. 1875లో సర్ సయ్యద్ అలీగఢ్‌లో బడి మొదలుపెట్టాడు. అది కాలేజీ అయి, 1920లో విశ్వవిద్యాలయమైంది.

దేవ్‌బంద్ గురించి చెప్పాలంటే ముందు దాని గొప్పతనమే చెప్పాలి. నవాబుల దయ మీదా సర్కారు గ్రాంటు మీదా కాక పేదవాళ్ల చందాల మీద నిలబడింది. అణా ఇచ్చినవాడికీ లెక్క చెప్పింది. తరగతులు, జీతాల ఉపాధ్యాయులు, వార్షిక పరీక్షలు, అచ్చువేసిన నివేదికలు, ఇవన్నీ ఇంగ్లీషు బడి నుంచి నేర్చుకుంది. అయితే ఆ బడి రూపాన్ని తీసుకుని పాఠాన్ని గుమ్మం బయటే ఉంచింది. దర్సె నిజామీలో ఉన్న తర్కాన్నీ తత్వాన్నీ కూడా క్రమంగా తగ్గించి హదీసును పెంచింది. ఆరు హదీసు గ్రంథాల చదువు చివరి ఏడాదికి కిరీటమైంది. కారణం లేకపోలేదు. ఖాజీ కొలువు పోయింది, కచేరీ పోయింది. ఇక మిగిలింది మసీదు, ఫత్వా, ఊళ్లో పిల్లలకు ఖురాన్. కొలువుల చదువు కాస్తా ధర్మాన్ని కాపాడుకునే చదువైంది.

దేవ్‌బంద్ స్థాపకుల్లో ఒకడైన ఖాసిం నానౌతవీ, మదరసా ముగించినవాళ్లు తర్వాత సర్కారు బడుల్లో కొత్త శాస్త్రాలు నేర్చుకుంటే మంచిదేనన్న ఆలోచన చెప్పాడు. ఈ సంగతి ఇవాళ ఎంతమంది మౌల్వీలకు గుర్తుంది? ముందు ఇది, తర్వాత అది అని ఆయన అనుకున్నాడు. తర్వాత అనేది ఎలా జరుగుతుందో ఎవరూ ఏర్పాటు చేయలేదు. పద్దెనిమిదేళ్లొచ్చినవాణ్ణి ఏ సర్కారు బడి ఏ తరగతిలో కూర్చోబెడుతుంది?

ఈ లోపాన్ని చూసినవాళ్లూ మాలోనే ఉన్నారు. 1890లలో కాన్పూరులో నద్వతుల్ ఉలమా పుట్టింది అందుకే. పాఠ్యక్రమం మార్చాలి, మౌల్వీకి కొత్త విద్యలూ ఇంగ్లీషూ రావాలి అని అక్కడ వాదించినవాడు షిబ్లీ నోమానీ. అలీగఢ్‌లో పాఠాలు చెప్పినవాడు, 1901 నుంచి 1905 దాకా మన హైదరాబాదులో పనిచేసినవాడు. ఆయన వాదనకు సొంతవాళ్ల నుంచే ఎదురుదెబ్బలు తగిలాయి.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఈ రెండు దారులూ రెండు వర్గాల దారులయ్యాయి. జమీందార్లూ నవాబుల బంధువులూ పెద్ద ఉద్యోగులూ తమ పిల్లల్ని అలీగఢ్‌కూ ఇంగ్లండుకూ పంపారు. చందా మాత్రం మదరసాకు రాశారు. మదరసాలో కూర్చున్నది నేతగాడి కొడుకు, కసాయి కొడుకు, దూదేకులవాడి కొడుకు, తండ్రి లేని పిల్లవాడు. అన్నం పెట్టి, పడుకోవడానికి చోటిచ్చి, పుస్తకమిచ్చే బడి పేదవాడికి ఇంకెక్కడుంది? దీన్‌ను కాపాడే బరువు పేదపిల్లల మీద పెట్టి, దునియాను తమ పిల్లలకు ఉంచుకున్న పెద్దల్ని కూడా ఈ చరిత్రలో రాయాలి.

వంతెనలు కట్టినవాళ్లు

ఇంత జరిగినా గండికి అడ్డంగా వంతెనలు లేకపోలేదు. 1882లో లాహోరులో పుట్టిన పంజాబ్ విశ్వవిద్యాలయం ఒక కొత్త పని చేసింది. పాత చదువులకు తానే పరీక్షలు పెట్టి బిరుదులిచ్చింది. అరబ్బీకి మౌల్వీ ఆలిం, మౌల్వీ ఫాజిల్, పారసీకి మున్షీ ఫాజిల్, సంస్కృతానికి విశారద, శాస్త్రి. ఆ బిరుదు పొందినవాడు తర్వాత ఒక్క ఇంగ్లీషు పేపరు రాసుకుంటూ మెట్రిక్, ఎఫ్.ఎ., బి.ఎ. దాటుకుంటూ పోవచ్చు. పంజాబులో జనం ఈ దారికి 'వయా బఠిండా' అని పేరు పెట్టి నవ్వుకునేవాళ్లు. చుట్టుతిరుగుడు రైలు అన్నమాట. నవ్వితే నవ్వారు గానీ రైలు ఊరు చేరింది. పాత చదువును కొట్టిపారేయకుండా, ఉన్నదాన్ని లెక్కలో వేసుకుని, లేనిది ఒక్కటి నేర్చుకోమంది ఆ పద్ధతి.

హైదరాబాదుకు ఆ రైలు వచ్చింది. మొదటి సాలార్ జంగ్ 1856లో పెట్టిన దారుల్ ఉలూం విద్యార్థులు ఈ పంజాబ్ బిరుదుల పరీక్షలకే కూర్చునేవాళ్లు. అదే ఊళ్లో 1887లో ఏర్పడిన నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. ఒకే ఊళ్లో ఒక చదువు లాహోరు వైపు, ఇంకో చదువు మద్రాసు వైపు చూస్తూ ఉండేవి. 1876లో అన్వారుల్లా ఫారూఖీ స్థాపించిన జామియా నిజామియా సర్కారు పరీక్షల ఊసు లేని పాత దారిలో పెరిగింది.

1918లో వచ్చిన ఉస్మానియా ఈ రెండు చూపుల్ని ఒక చోట కలపబోయింది. ఆర్ట్స్, సైన్సులతో పాటు దీనియాత్ ఒక ఫ్యాకల్టీ. ఇంగ్లీషు తప్పనిసరి, బోధన ఉర్దూలో. భౌతికశాస్త్రాన్నీ వైద్యాన్నీ ఉర్దూలోకి తెచ్చేందుకు అనువాద సంస్థ. మదరసా భాషకూ ప్రయోగశాలకూ మధ్య గోడ అక్కర్లేదని చూపించిన ప్రయత్నమది. అయితే రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్లకు ఆ గడప కూడా పరాయి భాషలోనే ఉంది. మా భాషను గడపలో లేకుండా చేశారని ఏడ్చే మేం, మా భాష గడపైనప్పుడు ఇతరులకెలా ఉండిందో మరిచిపోకూడదు.

సర్కారు జిల్లాల్లో, రాయలసీమలో మద్రాసు విశ్వవిద్యాలయం ఇదే పని చేసింది. సంస్కృతానికి శిరోమణి, తెలుగుకు విద్వాన్, అరబ్బీకి అఫ్జలుల్ ఉలమా. ఒకే విశ్వవిద్యాలయం ఇచ్చిన తోబుట్టు బిరుదులివి. పాఠశాలలో శాస్త్రం చదివిన బ్రాహ్మణ పిల్లవాడు ఆ బిరుదుతో హైస్కూల్లో పండితుడయ్యాడు. మదరసాలో చదివిన మా పిల్లవాడికీ అదే దారి ఉండేది. ఆ దారి ఎంత దూరం పోగలదో కర్నూలు డాక్టర్ అబ్దుల్ హఖ్ చూపించాడు. బాబాయె ఉర్దూ మౌల్వీ అబ్దుల్ హఖ్ వేరు, ఈయన వేరు. పేరుకు ముందు జీవితాంతం అఫ్జలుల్ ఉలమా అని రాసుకున్న ఈయన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. 1947లో కర్నూలులో ఉస్మానియా కాలేజీ స్థాపించాడు. 2016లో కర్నూలులో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. మదరసా చదివినవాడు కాలేజీ కట్టలేడని ఎవరన్నా అంటే కర్నూలు వెళ్లి చూడమని చెప్పొచ్చు.

ఒకే ఒక గది

స్వాతంత్య్రం తర్వాత ఈ వంతెనలు ఏమయ్యాయి? 1948 తర్వాత ఉస్మానియాలో బోధన ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారింది. పాత బిరుదులు ఇచ్చే పరీక్షలు ఒక్కొక్క చోట వెనకబడ్డాయి. సంస్కృతం చదువుకు మాత్రం ఒక తిన్నని దారి ఏర్పడింది. తిరుపతిలో 1960లలో మొదలైన సంస్కృత విద్యాపీఠం 1987లో విశ్వవిద్యాలయ హోదా పొంది, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ప్రాక్‌శాస్త్రి అంటే ఇంటర్, శాస్త్రి అంటే బి.ఎ., ఆచార్య అంటే ఎం.ఎ. ఇది చూసి మాకు కడుపుమంట లేదు. సంస్కృత పండితుడి చదువును గౌరవించిన దేశం మంచి పనే చేసింది. పాత చదువుకూ కొత్త డిగ్రీకీ పొత్తు కుదరదనే వాదన అబద్ధమని అది రుజువు చేసింది. మేం అడిగేదల్లా ఆ రుజువును మాకూ వర్తింపజేయమనే.

కేరళను చూడండి. అక్కడ పిల్లలు పొద్దున్నే మదరసాకు పోయి, తర్వాత మామూలు బడికి పోతారు. అరబ్బీ కాలేజీలు కాలికట్ విశ్వవిద్యాలయం కింద ఉండి అఫ్జలుల్ ఉలమాను బి.ఎ. డిగ్రీగా నడుపుతున్నాయి. పశ్చిమ బెంగాల్‌లో హై మదరసాలు సర్కారు సిలబసునే చెబుతూ, దానితో అరబ్బీ కలిపి, పదో తరగతి పరీక్ష పెడతాయి. అక్కడ హిందూ పిల్లలు కూడా చదువుకుంటారు. అక్కడ మతమేమీ చెడిపోలేదు.

మిగతా చోట్ల మా సనదుకు ఒక గదే తెరుస్తారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా వంటివి కొన్ని మదరసాల సనదుల్ని ఒప్పుకున్నా, అరబ్బీ, ఉర్దూ, ఇస్లామిక్ స్టడీస్ వంటి శాఖలకే ఎక్కువగా దారి. హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ 1954-56లో అల్ బిరూనీ రాసిన ఖగోళ గణిత గ్రంథం ఖానూనె మసూదీని అరబ్బీలో అచ్చువేసింది. ఆ అరబ్బీ చదవగల మా పిల్లవాడికి గణితం శాఖ మెట్లు మాత్రం ఎక్కే వీల్లేదు. ఈ మాటతో బిరూనీ చదివితే చాలు, కాలిక్యులస్ వద్దు అనడం లేదు మేం. కాలిక్యులస్ నేర్చుకునే చోటికి పోయే దారేదీ అని అడుగుతున్నాం.

ఈ అవసరం గుర్తించి 2013లో అలీగఢ్‌లో బ్రిడ్జి కోర్సు మొదలుపెట్టారు. ఏడాది పాటు ఇంగ్లీషూ ఇతర విషయాలూ నేర్పి, మదరసా పిల్లల్ని మామూలు డిగ్రీలకు పంపడం దాని ఉద్దేశం. 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా మదరసా సనదులకు చోటిచ్చి బ్రిడ్జి కోర్సులు పెట్టింది. నూరేళ్ల కిందటి వయా బఠిండా రైలే ఇది, పేరు మారింది. ఉన్నది లెక్కలో వేసుకో, లేనిది నేర్పు. పనిచేసిన పద్ధతి ఎప్పుడూ ఇదొక్కటే.

తెలుగు ముస్లిం ఇంట్లో ఈ కథ

మా తెలుగు జిల్లాల్లో ఈ గండి ఇంకాస్త లోతు. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో కనీసం రాష్ట్ర మదరసా బోర్డు పరీక్షలు జరుగుతూ వచ్చాయి. మనకు అలాంటి బోర్డు ఏర్పడలేదు. ఆ బోర్డుల మధ్య కూడా పొంతన లేదు. ఆలిం అంటే ఉత్తరప్రదేశ్‌లో ఇంటర్, బీహార్‌లో బి.ఎ. బోర్డు లేని మదరసాలో ఆలిం అంటే ఆ మదరసా ఏమనుకుంటే అది. గుంటూరు జిల్లా పిల్లవాడు ఉత్తరాది మదరసాలో చదివి తెచ్చుకున్న సనదును ఇక్కడి గుమాస్తా ఏ తూకం రాయితో తూచాలి?

భాష సంగతి సరేసరి. ఇంట్లో తెలుగు తప్ప తెలియని దూదేకుల, నూర్‌బాషా ఇళ్ల పిల్లలున్నారు. నాలుగో తరగతి దాకా తెలుగు బడిలో చదివినవాణ్ణి మదరసాలో వేస్తే అక్కడ పాఠం అరబ్బీలో, వివరణ ఉర్దూలో. ఎనిమిదేళ్ల తర్వాత బయటికొచ్చేసరికి అతని తెలుగు నాలుగో తరగతి దగ్గరే ఆగి ఉంటుంది. అమ్మతో మాట్లాడే భాషలో దరఖాస్తు రాయలేడు. తెలుగులో ఒక్క మదరసా పాఠ్యపుస్తకం ఎందుకుండదు? ఇది సర్కారును అడగాల్సిన ప్రశ్న కాదు, మా జమాత్ పెద్దల్ని అడగాల్సింది.

2007 చట్టంతో మా వెనకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. దూదేకులవాళ్లు అంతకుముందు నుంచే బి.సి.-బిలో ఉన్నారు. ఇంజనీరింగు, మెడిసిన్ సీట్లలో దానివల్ల మా పిల్లలు మేలు పొందారు. కానీ ఆ తలుపు ఇంటర్మీడియట్‌కు అవతల ఉంది. మదరసా పిల్లవాడు ఇంటర్‌కు ఇవతలే ఆగిపోయాడు. అందరికన్నా పేదవాడికే ఆ హక్కు అందలేదు.

అతనికి కొంతైనా దారి చూపింది సార్వత్రిక విద్య. 1982లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, తర్వాత అంబేద్కర్ పేరు పెట్టుకున్నది, ఏ సర్టిఫికెట్టూ లేనివాళ్లకు కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. ఏం చదివావని అడగకుండా ఏం వచ్చునని అడిగిన గడప అది. 1991లో ఓపెన్ స్కూల్ వచ్చింది. మదరసాలో ఉంటూనే పదో తరగతి రాసే వీలు దానితో కలిగింది. ఆడపిల్లల మదరసాల్లో ఆలిమా చదివే మా అక్కచెల్లెళ్లకు ఇది ఇంకా ముఖ్యం. మగపిల్లవాడికి సనదుతో ఇమామత్ అయినా దొరుకుతుంది. ఆడపిల్లకు ఆ సనదుతో కొలువు దొరికే చోటు ఇంకా తక్కువ.

2024 తర్వాత

ఇప్పుడు ఈ చరిత్ర ఎందుకంటారా? 2024 మార్చిలో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ 2004 మదరసా చట్టాన్ని మొత్తంగా కొట్టేసింది. ఆ ఏడాది నవంబరు 5న సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి చట్టాన్ని నిలబెట్టింది. మైనారిటీల బడులకు రక్షణ ఉంది, చదువు ప్రమాణాలు చూసే హక్కు రాష్ట్రానికీ ఉంది అంది. కానీ బి.ఎ., ఎం.ఎ. స్థాయిలో ఉన్న కామిల్, ఫాజిల్‌లను మదరసా బోర్డు ఇవ్వడం చెల్లదంది. 1956 యూజీసీ చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయానిదే. చట్టం మాట చట్టం చెప్పింది. మా ప్రశ్న దాని తర్వాత మొదలవుతుంది. బోర్డు ఇవ్వకూడదు సరే, ఏ విశ్వవిద్యాలయం ఇస్తుంది? 1882లో లాహోరు చేసిన పనిని, తర్వాత మద్రాసు చేసిన పనిని ఇవాళ ఎవరు చేస్తారు?

మా మీద జాలి చూపేవాళ్లూ నేరం మోపేవాళ్లూ ఇద్దరూ ఒక అంకె మరిచిపోతారు. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాలకు పోయేది సుమారు 3 శాతమేనని 2006లో సచార్ కమిటీ తేల్చింది. తక్కిన పిల్లలు మామూలు బడుల్లోనే చదువుతున్నారు, లేదా ఏ బడికీ పోవడం లేదు. అంటే ముస్లింల వెనకబాటుకు మదరసాయే కారణమన్నది తప్పు లెక్క. అలాగని ఆ 3 శాతాన్ని గాలికొదిలేయడం కూడా తప్పే. మదరసా సర్టిఫికెట్లకు గుర్తింపు ఇవ్వాలని, వాటిని ఉన్నత పాఠశాల బోర్డులతో కలపాలని అదే కమిటీ చెప్పింది.

2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి మదరసాలనూ వేద పాఠశాలలనూ దాని పరిధి నుంచి తప్పించారు. మా నాయకులు దాన్ని గెలుపనుకున్నారు. మా సంస్థలకు స్వేచ్ఛ దక్కింది, నిజమే. కానీ లోపల కూర్చున్న పదేళ్ల పిల్లకు లెక్కలూ సైన్సూ అడిగే హక్కు ఆ స్వేచ్ఛలో ఎక్కడుంది? సంస్థ హక్కు వేరు, పిల్ల హక్కు వేరు. ఇంతకాలం మొదటిదాని కోసమే కొట్లాడాం. రెండోదాని కోసం కూడా కొట్లాడాలి.

కాబట్టి ఇద్దరినీ అడుగుతున్నాం. విశ్వవిద్యాలయాల్ని అడిగేది ఇది: మా పిల్లవాడు చదివిన అరబ్బీనీ తర్కాన్నీ న్యాయశాస్త్రాన్నీ సున్నాగా లెక్కించకండి. పరీక్ష పెట్టండి, కఠినంగానే పెట్టండి. వచ్చినదానికి మార్కులివ్వండి, రానిదానికి బ్రిడ్జి కోర్సు ఇవ్వండి. అరబ్బీ శాఖ తలుపు ఒక్కటే కాక చరిత్ర, న్యాయం, అర్థశాస్త్రం తలుపులు కూడా తియ్యండి. మదరసాల్ని అడిగేది ఇది: ప్రతి పిల్లవాడి చేత, ప్రతి పిల్ల చేత పదో తరగతి రాయించండి. తెలుగు నేర్పండి, లెక్కలు నేర్పండి. చందా పుస్తకంలో గణితం ఉపాధ్యాయుడి జీతానికి ఒక గీత గీయండి. ముల్లా నిజాముద్దీన్ తన కాలానికి కావలసిన పాఠాల వరస తయారుచేశాడు. ఆయన పేరు మోస్తున్నవాళ్లు ఆయన చేసిన ఆ పని కూడా చేయాలి.

మాకు దయ మార్కులు అక్కర్లేదు. మా చదువును తూచే రాయి ఏదో అందరి ముందూ పెట్టి తూచండి. తక్కువైతే ఎంత తక్కువైందో చెప్పండి, ఆ తక్కువను నింపుకునే చోటు చూపించండి. తూచకుండానే తక్కువ అనే మాటను మాత్రం ఇక మేం ఒప్పుకోం.